మలయాళం వస్తే క్రొయేషియన్ వచ్చేసినట్టేనట

తాడేపల్లిగూడెంలో స్టేషను నుంచి బజారులోకి వెళ్ళే దారిలో, ఒక చెప్పుల కొట్టు పైఅంతస్తులో కోచింగు సెంటరు ఒకటి ఉంది. ఐరోపా భాషలన్నీ నేర్పబడునని దాని బోర్డు మీద రాసి ఉంది. కింద పదకొండు దేశాల జెండాలు వేశారు. అందులో ఒకటి తలకిందులుగా ఉంది. లోపల మాష్టారు మాత్రం ఒక్కడే. పదకొండు దేశాలకీ ఆయనే.

సెప్టెంబరు రెండో సోమవారం పదింబావుకి నేనూ మా చెల్లెలి మనవరాలూ ఆ మెట్లెక్కాం. వాళ్ళది కొల్లేటి లంక. తండ్రి చేపల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. అది నర్సింగు చదివి, ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్ళుగా పనిచేస్తూ, ఏడాదిగా మా ఇంట్లో ఉంటోంది. ఆ ఆసుపత్రివాళ్ళు నవంబరు నెలాఖరుకి బాండు రాయమంటున్నారు. రాస్తే దాని అసలు సర్టిఫికెట్లు మూడేళ్ళపాటు వాళ్ళ బీరువాలో ఉంటాయి. ఈలోగా, అదే వార్డులో పెద్ద నర్సుగా ఉన్న మలయాళీ ఆవిడ క్రొయేషియాలో ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం సంపాదించుకుంది. అక్కడ ఇంకొక్క ఖాళీ ఉందట. నవంబరు ఆఖరి వారంలో వీడియోలో మాట్లాడతారట. మాట్లాడేది వాళ్ళ భాషలోనే. అంటే మా పిల్లకి ఉన్నది పదకొండు వారాలు. ఈ దారి కుదరకపోతే బాండు.

మాష్టారు మమ్మల్ని కూర్చోబెట్టి, దాన్ని వదిలేసి నన్ను అడిగాడు.

"పాపకి ఇంకేమన్నా లాంగ్వేజీలు వచ్చాండి?"

"ఇంగ్లీషు వచ్చండి. ఆసుపత్రి హాస్టల్లో ఏడాది కేరళ పిల్లల మధ్య ఉంది, మలయాళం కూడా మాట్లాడుతుంది."

"ఇంకేంటండి మరి. మలయాళం వస్తే క్రొయేషియన్ మూడొంతులు వచ్చేసినట్టేనండి. ఆ మిగిలిన వొంతూ నేను చూసుకుంటానండి."

"మూడొంతులని ఎలా తేల్చారండి?"

"సౌండు లెక్కనండి టీచరుగారూ. మలయాళంలో నోరు తిరగని సౌండ్లు ఉంటాయి కదండీ, వీళ్ళకీ అంతేనండి. నాలిక్కి అలవాటైపోద్దండి."

నేను ఏలూరు ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. ఆన్సరు ముందు రాసి స్టెప్పులు తర్వాత వెతుక్కునే పిల్లల్ని వందల మందిని చూశాను. వాళ్ళలో కొందరు పెద్దయ్యాక ఏమయ్యారో నాకు ఆ రోజు తెలిసింది.

మలయాళం నాకు కొత్త కాదు. మా ఆయన తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. ఆ మిల్లు బియ్యం కేరళ వెళ్ళేవి. వాటిని కొనడానికి వచ్చి స్థిరపడ్డ ఒక బ్రోకరు మా పక్క వాటాలో ఉండేవాడు. అతని భార్యకీ నాకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. ఆరేళ్ళలో ఆవిడ తెలుగు నేర్చుకోలేదు, నేనే మలయాళం నేర్చుకున్నాను. నేర్చుకున్న మొదటి మాట వేణం. అంటే కావాలి. "ఉప్పు వేణం", "తీపెట్టి వేణం" అంటూ గోడ మీంచి గిన్నె చాపేది. తీపెట్టి అంటే అగ్గిపెట్టె. ఏమనుకోకండీ అని గాని, కొంచెం ఉంటే ఇస్తారా అని గాని ముందొక మాట ఉండేది కాదు. మా అమ్మ ఇంట్లో అయితే అలా అడిగిన పిల్లకి ఆ పూట మాటల్తోనే కడుపు నిండేది. అడక్కుండా పెట్టేదాకా ఆగాలి, పెట్టబోతే ఒకసారి వద్దనాలి, రెండోసారి చాలండీ అనాలి. ఆ బ్రోకరు భార్యని నేను ఆరేళ్ళూ మర్యాద తెలియని మనిషి కిందే జమకట్టాను.

మా పిల్ల ఆ సెంటరుకి మూడు క్లాసులు వెళ్ళింది. మూడో క్లాసు అయ్యాక దాని పుస్తకం చూశాను. మాష్టారు ప్రతి మాట చివరా ఒక ఉకారం తగిలించి తెలుగు లిపిలో రాయించాడు. రక్తాన్ని క్రొయేషియన్లో క్ర్‌వ్ అంటారు. అచ్చు లేదు, అక్కడ వాళ్ళకి అక్కర్లేదు. ఈయన దాన్ని కరువు అని రాయించాడు. రేపు ఒక ముసలాయన రక్తం కారుతోందని చెబితే మా పిల్ల కరువొచ్చిందనుకోవాలి కాబోలు. నాలుగో క్లాసు మానిపించాను. భీమడోలు దాటాక ఎక్స్‌ప్రెస్సుల కోసం పక్కన పడేసే ఆ పాసింజరు బండిలో కూర్చునే సమయం కూడా మిగిలింది.

పొడుగు రూళ్ళ పుస్తకం ఒకటి తీసి మూడు గళ్ళు గీశాను. తెలుగు, మలయాళం, క్రొయేషియన్. పాఠాలు పిల్ల ఫోన్లోంచి దించింది. రోజుకి ఆరు మాటలు చొప్పున డెబ్భై ఏడు రోజులకి నాలుగువందల అరవై రెండు రావాలి. దాని డ్యూటీలకీ, ఆ సెంటరుకి తిరిగిన రోజులకీ కలిపి యాభై పోయాయి. నాలుగువందల పన్నెండు మిగిలాయి. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మాష్టారు చెప్పిన మూడొంతుల కోసం దాంట్లో ఎంత వెతికినా కనబడలేదు.

ముందు సౌండు సంగతి. మలయాళీలు వానని మళ అంటారు. ఆ ళ మన ళ కాదు. నాలికని వెనక్కి మడిచి, దేనికీ తగలకుండా వదిలేయాలి. దాన్ని ఇంగ్లీషులో జెడ్, హెచ్ అని రాస్తారు. క్రొయేషియన్లో ఆడదాన్ని ఝెనా అంటారు. ఆ ఝ పళ్ళ మధ్య నుంచి వచ్చే బుస. దాన్నీ కొన్ని పుస్తకాల్లో జెడ్, హెచ్ అనే రాస్తారు. ఈయన ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలూ చూసి రెండు భాషలకీ వియ్యం కలిపేశాడు. ఏ ఒక్కదాన్నీ చెవితో విన్న పాపాన పోలేదు.

క్రియల దగ్గర ఇంకా అన్యాయం. మలయాళంలో నేను వెళ్ళినా, నువ్వు వెళ్ళినా, వాడు వెళ్ళినా, గేదె వెళ్ళినా పోకున్ను అనే ఒక్క మాట చాలు. వెళ్ళేదెవరో వినేవాడే చూసుకోవాలి. క్రొయేషియన్లో నేనైతే ఇదెమ్, నువ్వైతే ఇదెష్, మనమైతే ఇదెమొ. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాం అన్నట్టే. అంటే ఈ విషయంలో ఆ భాషకి దగ్గర మలయాళం కాదు, తెలుగు. సెంటరు బోర్డు మీద ఆ సంగతి రాస్తే ఎవరూ చేరరు, తెలుగు అందరికీ వచ్చు కాబట్టి.

ఆడదాని విషయంలో మూడు భాషలూ మూడు దార్లు. ఆయన వచ్చాడు, ఆమె వచ్చింది, గేదె వచ్చింది అంటాం మనం. ముప్ఫై ఆరేళ్ళు ఉద్యోగం చేసినా నాకూ గేదెకీ ఒకటే క్రియ. మలయాళీలు ముగ్గురికీ వన్ను అంటారు. మగవాణ్ణి కూడా తెచ్చి మా వరసలో నిలబెట్టారు, అంతవరకు న్యాయమే. క్రొయేషియన్‌వాళ్ళు మగకి ఒకటి, ఆడకి ఒకటి, ఏదీ కానిదానికి ఒకటి పెట్టుకుని ఊరుకోక, బల్ల మగ, కుర్చీ ఆడ, ఊరు రెండూ కాదు అని తేల్చుకున్నారు. కుర్చీ ఆడదని ఎవరు చూశారో ఏ పుస్తకంలోనూ లేదు.

లెక్కల దగ్గర మాత్రం నేను పుస్తకం మూసి కాసేపు వీధి గుమ్మంలో కూర్చోవలసి వచ్చింది. అక్కడ నర్సుని సిస్టరనే అంటారు, సెస్త్రా. ఇద్దరు, ముగ్గురు, నలుగురు సెస్త్రె. ఐదుగురు అనగానే సెస్తారా. నాలుగు వరకు ఒక రకం, ఐదు నుంచి ఇంకో రకం. సరే అనుకుంటే ఇరవై ఒకటి దగ్గర మళ్ళీ ఏకవచనం, ఒక్క సెస్త్రా. ఇరవై ఒక్కమంది నర్సులు వరసగా నిలబడి ఉంటే వాళ్ళకి ఆ చివరావిడ ఒక్కతే కనబడుతుంది. మలయాళంలో ఒన్ను, రండు, మూన్ను, నాలు, అంజు అంటూ బుద్ధిగా నడుస్తుంది. ఆ భాష గురించి నేను చెప్పగలిగిన మంచి ఇది.

కలిసిన చోట్లు అసలు లేవని అనను. చలేస్తే మనం నాకు చలిగా ఉంది అంటాం. మలయాళంలోనూ చలి ఎనిక్కు, అంటే నాకే. క్రొయేషియన్లో హ్లాద్నొ మి యె. చలి, నాకు, ఉంది. ఇంగ్లీషువాడిలా నేనే చలిగా ఉన్నాను అనరు. తండ్రి తమ్ముడికి ఒక మాట, తల్లి తమ్ముడికి ఒక మాట కూడా పెట్టుకున్నారు. బాబాయినీ మేనమామనీ ఒకే అంకుల్ కింద తోసేయలేదు. పెద్దవాళ్ళని మీరు అంటారు. ఈ మూడూ రాసుకుని, పక్కన టిక్కు పెట్టాను. నాలుగువందల పన్నెండులో మూడు చోట్ల టిక్కు. దీన్ని మూడొంతులంటారేమో మాష్టారే చెప్పాలి.

పిల్ల మాత్రం చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. నొప్పి ఎక్కడ, మందు వేసుకున్నారా, నెమ్మదిగా లేవండి, కిటికీ వెయ్యమంటారా, అన్నీ వచ్చేశాయి. నవంబరు ఆఖరి మంగళవారం వాళ్ళ పది గంటలకి మాట్లాడతామని కబురొచ్చింది. ఎలా తెలిసిందో, మాష్టారు ఫోను చేశాడు.

"మన ఒంటిగంటన్నరకండి టీచరుగారూ. మూడున్నర గంటలు తేడా అండి."

"అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకున్నారండి. ఇప్పుడు నాలుగున్నర. రెండున్నరకి."

"అలాగాండి. మరి మా పాత స్టూడెంట్లు ఎవరూ చెప్పలేదండి."

ఎలా చెబుతారు. ఇంటర్వ్యూ దాకా వెళ్ళినవాళ్ళు ఉంటే కదా.

ఆ మంగళవారం పిల్ల తెల్ల చీర కట్టుకుని ఫోను ముందు కూర్చుంది. నేను పక్కన, తెరలో కనబడకుండా, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. అవతల కళ్ళజోడు పెట్టుకున్న ఒక మేట్రన్. నిదానంగా మాట్లాడింది. ప్రశ్నకి ప్రశ్న, జవాబుకి జవాబు నడిచింది. చివర్లో ఆవిడ అడిగింది. కింది అంతస్తులో నడవగలిగినవాళ్ళు ఉంటారు, పై అంతస్తులో మంచం దిగలేనివాళ్ళు ఉంటారు, నీకు ఏది కావాలి?

"కాకొ వి కాఝెతె" అంది పిల్ల. మీరు ఎలా చెబితే అలాగండి అని.

గది ఒంటరిగా కావాలా, ఇంకొకరితోనా?

"కాకొ వి కాఝెతె."

ఆవిడ కళ్ళజోడు తీసింది. అసలు మా దగ్గరికి రావాలని నీకుందా అని అడిగింది.

పిల్ల తలొంచుకుని, నవ్వుతూ, మూడోసారి కూడా అదే అంది.

తెలియజేస్తాం అని ఆవిడ ఫోను పెట్టేసింది. నేను పెన్సిలు కింద పెట్టాను. ఇరవై మూడు జవాబులు, తప్పులు సున్నా. ఉచ్చారణకి కూడా నేను ఎక్కడా మార్కు తగ్గించలేదు. ఆ సాయంత్రం పిల్లకి గారెలు వండి పెట్టాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి మలయాళీ పెద్ద నర్సు మా ఇంటికి వచ్చింది. పిల్ల ఆవిడని చేచి అంటుంది, అంటే అక్క. ఏలూరులో పద్నాలుగేళ్ళుగా ఉంటోంది. తెలుగు మాట్లాడుతుంది గాని, మా ఊరి పద్ధతి ఒక్కటీ అంటలేదు. చెప్పులు విప్పుతూనే, "టీ కావాలి అమ్మమ్మే, పంచసార వద్దు" అంది. పంచదారకి కూడా దాని పేరు పెట్టి పిలవదు. టీ తాగుతావా అని మనం అడిగేదాకా ఆగడం పద్నాలుగేళ్ళలో నేర్చుకోలేకపోయింది. పెట్టి ఇచ్చాను.

రెండు గుక్కలు తాగి చెప్పింది. "ఆ మేట్రన్ నాకు మెసేజ్ పెట్టింది అమ్మమ్మే. ఈ పిల్ల భాష చాలా నల్లదు అంది."

నల్లదు అంటే బాగుంది అని.

"మరింకేం."

"ఇంకేం అంటే, ఈ పిల్లకి రావడం ఇష్టం లేదు అంది. ఎవరో ఇంట్లోవాళ్ళు బలవంతంగా పంపుతున్నారు, పాపం అంది. బలవంతం చేసిన పిల్ల మాకు వద్దు అంది. శుక్రవారం ఇంకో పిల్లకి లెటర్ ఇస్తుంది."

"బలవంతం ఎవరు చేశారు దీన్ని?"

"మూడుసార్లు అడిగిందంట. నీకు ఏం కావాలి, నీకు ఏం కావాలి, నీకు ఏం కావాలి. మూడుసార్లూ మీ ఇష్టం అందంట." పిల్లవైపు తిరిగింది. "ఎందడీ, వేణం అనడానికి నోటికి ఏమైంది? హాస్టల్ మెస్సులో నా ప్లేటులో మీన్ ముక్క లాక్కుని తినలేదా నువ్వు?"

"హాస్టల్లో వేరండి చేచీ. అక్కడ అందరూ అలాగే అంటారండి."

నేను రూళ్ళ పుస్తకం తీశాను. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వేలు పెట్టి చూశాను. కాటు, కుట్టు, కట్టు, కన్నీళ్ళు, కాళ్ళవాపు అన్నీ ఉన్నాయి. కావాలి లేదు. నాలుగువందల పన్నెండు మాటల్లో ఆ ఒక్కటీ రాయాలని నాకు తోచలేదు. మా ఇంటి ఆడపిల్లకి దాంతో పనేమిటి? ఇరవై మూడుకి ఇరవై మూడు వేసిన మనిషిని నేనే. ఆ మాష్టారి మీద పెట్టిన పెన్సిలు ఇటు తిప్పితే నాకు పాసు మార్కులు వచ్చేవి కావు.

ఇంకో సంగతి కూడా ఆ మధ్యాహ్నమే గుర్తొచ్చింది. సెప్టెంబరు నుంచి నేను కూడా దాన్ని అడగలేదు. వెళ్ళడం దానికి కావాలా అని.

"ఏవే, నీకు వెళ్ళాలని ఉందా?"

"మీరెలా అంటే అలాగండి అమ్మమ్మా."

చేచి పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

గురువారం పిల్లకి సెలవు. మధ్యాహ్నం కంచం పెట్టి, అన్నం గిన్నె, కూర గిన్నె నా పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఏం కావాలే అని అడిగాను. మీరేది పెడితే అదండి అంది. నేను పెట్టలేదు. కంచం ఖాళీగా ఉంది. గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. పదకొండు నిమిషాలు. వంకాయ కూర చల్లారిపోయింది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని నోరు రాలేదు. నాకు అన్నం కావాలని నోరు తెరిచి అడగడం దానికి అంత తప్పు పనిగా ఉంది. అది తప్పని నేర్పినవాళ్ళలో మా అమ్మా, నేనూ, మా చెల్లెలూ వరసగా ఉన్నాం.

పన్నెండో నిమిషంలో నాకు ఆ గోడా, గోడ మీద గిన్నె చాపిన చెయ్యీ గుర్తొచ్చాయి.

"ఎందా వేణ్డే?" అన్నాను. ఏం కావాలి అని, ఆ బ్రోకరు భార్య భాషలో.

పిల్ల తలెత్తింది. "చోఱు వేణం" అంది వెంటనే. అన్నం కావాలి. "ఎనిక్కు చోఱు వేణం. కఱి వేణం." ఆ భాషలో దానికి సిగ్గు లేదు. ఆ భాషలో దాన్ని ఎవరూ తిట్టలేదు మరి.

అన్నం పెట్టాను. కూర వెయ్యకుండా గరిటె పట్టుకుని, "ఇప్పుడు ఆ మేట్రన్ భాషలో" అన్నాను. కావాలి అంటే హోచు అని అప్పుడే ఫోన్లో చూసి చెప్పాను. వేణం, హోచు. వేణం, హోచు. పప్పు, పెరుగు, మజ్జిగ అన్నిటికీ అనిపించాను. చివరికి తెలుగులో. అది అన్నిటికంటే కష్టమైంది.

"నాకు పెరుగు కావాలండి."

"అండీ తీసెయ్యి."

"నాకు పెరుగు కావాలి." అంటూనే గుమ్మంవైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

"ఇప్పుడు చెప్పు. వెళ్తావా?"

"వెళ్తాను. నాకు వెళ్ళాలని ఉంది అమ్మమ్మా. మొదట్నుంచీ ఉంది."

"మరి చెప్పవేం?"

"మీరు అడగలేదండి."

ఆ మధ్యాహ్నం రెండున్నరకే చేచి ఇచ్చిన నంబరుకి ఫోను చేయించాను. వాళ్ళు పిలవకుండా మనం చెయ్యడం ఏం మర్యాదండీ అని పిల్ల ఒకసారి గొణిగింది. మర్యాద సంగతి నేను చూసుకుంటానన్నాను. మేట్రన్ తెరమీదికి వచ్చింది. పిల్ల పెదాలు ముందు వేణం అని కదలడం నేను చూశాను. తర్వాత నోటివెంట వచ్చింది.

"హోచు దోచి. హోచు రాదితి గోరె." నాకు రావాలని ఉంది. నాకు పై అంతస్తులో పని కావాలి.

పై అంతస్తు, మంచం దిగలేనివాళ్ళ దగ్గర. నన్నడిగితే కింది అంతస్తు అడగమనేదాన్ని. ఎందుకని మేట్రన్ అడిగితే, నడవలేనివాళ్ళకే నర్సు కావాలి అంది. విభక్తి ఒకచోట తప్పింది. నేను రాసుకోలేదు. ఆవిడ ఈసారి కళ్ళజోడు తియ్యలేదు. నవ్వింది.

శుక్రవారం ఉత్తరం వచ్చింది. నెలాఖరున బాండు కాగితం సంతకం లేకుండానే ఆసుపత్రికి తిరిగి వెళ్ళింది. ఫిబ్రవరిలో ప్రయాణం.

డిసెంబరు రెండోవారంలో తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆ చెప్పుల కొట్టు మీద కొత్త ఫ్లెక్సీ కనబడింది. మా పిల్ల ఫోటో, పక్కన మాష్టారి ఫోటో దానికంటే పెద్దది. కింద, మలయాళం మీదుగా క్రొయేషియన్, మా ప్రత్యేక పద్ధతి, అని. అచ్చుతప్పులు మూడు. మెట్లెక్కి వెళ్ళి, మీ పద్ధతిలో నిజం నాలుగువందల పదమూడో వంతు, ఆ ఒక్క మాటా నేనే చెప్పించాను అని కడిగేద్దామనుకున్నాను. కాని ఆ ఒక్క వంతూ నిజమే. అది ఆయనకి తెలియకుండా ఉంచడం మంచిదనిపించింది. తెలిస్తే ఇంకో జెండా వేస్తాడు.

మొన్న ఆదివారం పిల్ల తండ్రి చెరువు మీంచి కొరమీను తెచ్చాడు. పులుసు పెట్టాను. మా ఆయన పోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో తలకాయ ముక్క నాది. ఇరవై ఆరేళ్ళుగా ఎవరూ దాని వంక చూసింది లేదు. పిల్ల కంచం ముందు కూర్చుని, గిన్నెలోకి తొంగి చూసి, తలకాయ కావాలి అంది.

వేశాను. తోక ముక్కలో ముళ్ళెక్కువ. ఏరుకుంటూ తిన్నాను.